బిషప్ అజరయ్యగారు – ఆయన నెలకొల్పిన డోర్నకల్ గురుకులము



తెలుగు సంఘములలో బిషప్ అజరయ్యగారి పేరు వినని వారు అరుదు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే అని సండేస్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. అయితే ఆయన చేసిన పనులలో చాలా లోతైనది, మనము అంతగా చెప్పుకోనిది ఒకటి ఉన్నది. వాక్యము నేర్చుకొనుటకు, కలిసి ఆరాధించుటకు, ఒకే కుటుంబముగా బ్రదుకుటకు ఆయన డోర్నకల్‌లో కూర్చిన గురుకులమే అది. ఆ గురుకులము లేకపోతే ఆయన బిషప్పు పదవి చరిత్ర పుస్తకములో ఒక పేరుగానే మిగిలిపోయేది.

1912లో ఏర్పడిన డోర్నకల్ అధ్యక్ష మండలము నూరేండ్లు దాటినది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ మండలము నుండే కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలము వచ్చింది. కాబట్టి మండపేట వంటి గోదావరి డెల్టా ఊళ్లలో ఉన్న మనకు డోర్నకల్ పరాయి ఊరు కాదు, తల్లి వంటిది. ఆ తల్లి ఇంట్లో పొయ్యి ఎలా రాజుకొన్నదో తెలిసికొనుట మన విధి.

బాల్యము, యౌవనము

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళదేశములోని తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు హిందూ కుటుంబములో పుట్టి, క్రీస్తును నమ్ముకొని, ఆ పల్లె సంఘమునకు గురువైన వారు. తల్లి ఎల్లెన్ గారు భక్తిలోను, క్రమశిక్షణలోను గట్టి మనిషి. చాలాకాలము సంతానము లేక ప్రార్థించగా కలిగిన బిడ్డ గనుక హన్నా కుమారుని తలచుకొని శామ్యూల్ అని పేరు పెట్టారు. 1889లో తండ్రి చనిపోయారు. అప్పటికి అజరయ్యగారికి పదిహేనేండ్లు.

తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895 నుండి 1909 వరకు వై.యం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. ఆ రోజులలోనే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకునితో ఆయనకు స్నేహము కుదిరింది. ఇద్దరూ కలిసి ప్రయాణము చేశారు, కలిసి ప్రార్థించారు, కలిసి భోజనము చేశారు. తెల్లవాడు, నల్లవాడు అనే భేదము మనసులో కూడా లేకుండా ఇద్దరు మనుషులు సహోదరులుగా ఉండగలరని అజరయ్యగారు ఈ స్నేహములో అనుభవించారు. ఆయన తరువాతి జీవితమునకు ఈ అనుభవమే పునాది.

1898లో అంబు మరియమ్మాళ్ గారిని వివాహము చేసికొన్నారు. ఆ కాలములో కళాశాల మెట్లెక్కిన బహు కొద్దిమంది దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నము పుచ్చుకొనలేదు. డోర్నకల్ గురుకులమును గూర్చి చెప్పేటప్పుడు ఈ అమ్మగారి పేరు విడిచిపెడితే సగము కథే చెప్పినట్లు అవుతుంది.

1902లో అజరయ్యగారు యాళ్పాణము వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో మిషనరీలను పంపుటను చూచారు. తిరునెల్వేలి సంఘము పెద్దది, పాతది, అయినా తన గడప దాటలేదు గదా అని ఆయనకు బాధ కలిగింది. ఫలితముగా 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. భారతీయుల డబ్బు, భారతీయ సేవకులు, భారతీయుల నిర్వాహము అనేది దాని నియమము. 1905లో క్రిస్మసు రోజున సెరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభించిన వారిలోను ఆయన ముఖ్యులు.

డోర్నకల్‌కు రాక

తిరునెల్వేలి సొసైటీకి పని చేయుటకు ఒక పొలము కావలసి వచ్చింది. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు నిజాం రాజ్యములోని తెలుగు ప్రాంతమును చూపించారు. మానుకోట తాలూకాలో 1904లో పని మొదలైంది. డోర్నకల్ అప్పుడు రైలు జంక్షను, దాని చుట్టూ అడవి, చిన్న పల్లెలు. తమిళ మిషనరీలు అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొన్నారు.

ఇతరులను పంపి తాను పట్నములో కార్యదర్శిగా కూర్చుండుట అజరయ్యగారికి సహించలేదు. 1909లో, ముప్పై అయిదేండ్ల వయసులో, మంచి ఉద్యోగము విడిచి, గురుత్వాభిషేకము పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చారు. మొదట వారి కాపురము గుడారములోనే. ఆ వయసులో కొత్త భాష నేర్చుకొనుట సులభము కాదు. అయినా పల్లెవారి తెలుగు పల్లెవారి నోటనే నేర్చుకొన్నారు.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్యగారు మాట్లాడిన మాటలు ఈనాటికీ ప్రపంచమంతట తలచుకొంటారు. మిషనరీలు తమ ఆస్తిని, ఆరోగ్యమును, ప్రాణమును కూడా ఇచ్చినందుకు ఆయన కృతజ్ఞత చెప్పారు. కాని భారతీయ సేవకులను యజమానులవలె చూస్తున్నారే గాని స్నేహితులవలె చూడడం లేదని, ఏండ్ల తరబడి కలిసి పనిచేసినా ఒక పూట కలిసి భోంచేయని వారున్నారని నిర్మొగమాటముగా చెప్పారు. సేవకంటె ముందు స్నేహము కావాలని అడిగారు. ఆ సభలో కొందరికి ఆ మాటలు రుచించలేదు. అయితే మాట చెప్పి ఊరుకొనే మనిషి కారు ఆయన. పెద్దలను ఏమి అడిగారో, తిరిగి వచ్చి డోర్నకల్‌లో తానే దానిని చేసి చూపించారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగింది. అప్పుడు ఆయనకు ముప్పై ఎనిమిదేండ్లు. భారతీయుని చేతిక్రింద తెల్ల గురువులు పనిచేస్తారా అని మిషనరీలలో కొందరు, మనవాడు అంతటి పదవికి తగునా అని మనవారిలోనే కొందరు అడ్డు చెప్పారు. అందుకే మొదట ఆయనకు ఇచ్చిన మండలము బహు చిన్నది. 1920 తరువాత కృష్ణా జిల్లాలోని సి.యం.యస్. సంఘములు, గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెము, రాయలసీమలోని నంద్యాల, కడప ప్రాంతముల సంఘములు చేరి అది పెద్ద మండలమైంది.

గురుకులము ఎందుకు పుట్టింది?

ఆ రోజులలో తెలుగు పల్లెలలో ఒక్కొక్కరుగా కాదు, పేటకు పేటగా ప్రజలు ప్రభువు నొద్దకు వచ్చారు. వారిలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. అక్షరము రానివారు, పాలేరు పనిచేసి అప్పులలో మునిగినవారు. ఒక పల్లె పెద్దలు వచ్చి మాకు ఒక ఉపదేశిని ఇవ్వండి అని అడిగితే, పంపుటకు మనిషి లేడు. ఉపదేశి లేకుండా బాప్తిస్మమిస్తే ఆ పల్లె విత్తనము చల్లి నీరు పెట్టని పొలము వంటిది. డెల్టాలో కాలువ నీటి విలువ తెలిసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక ఉపదేశి పని ఎంతటిదో చూడండి. పగలు పిల్లలకు బడి చెప్పాలి. రాత్రి కూలి నుండి వచ్చిన వారిని కూడబెట్టి ప్రార్థన జరిపి, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, కీర్తనలు నోటికి నేర్పాలి. రోగికి మందు చూడాలి, తగవు తీర్చాలి, దొర కోపగిస్తే మధ్యను నిలబడాలి. ఇంత బరువు మోయవలసిన మనిషికి చేతిలో ఒక పుస్తకము పెట్టి పంపితే చాలదని అజరయ్యగారు గ్రహించారు.

అందుచేత డోర్నకల్‌లో ఆయన శిక్షణ పాఠశాల పెట్టారు. కొద్దిపాటి చదువు వచ్చిన పల్లె యువకులను తెచ్చి ఉపదేశులుగా తయారుచేశారు. వారిలో పనిలో నిలబడినవారిని మరల పిలిచి, మరికొంత నేర్పి, గురువులుగా అభిషేకించారు. బోధన తెలుగులోనే. ఇంగ్లీషు రాదు గనుక ఫలానివాడు గురువు కాజాలడనే మాట అక్కడ చెల్లలేదు. తక్కువ చదువుగల వారికి అభిషేకమా అని శంకించినవారు లేకపోలేదు. కాని చదువు ఒక్కసారితో ముగిసేది కాదని ఆయన నమ్మకము. పల్లెలలో పనిచేస్తున్న ఉపదేశులను, గురువులను తిరిగి కూడబెట్టి, తామే కూర్చుండి పరిశుద్ధ గ్రంథము నేర్పేవారు. అక్కడ నేర్చుకొన్నది పల్లె పల్లెకు వెళ్లి పాఠమయ్యేది.

ఇందులో గమనింపవలసిన సంగతి ఒకటున్నది. ఈ పాఠశాల పెట్టిన మనిషికి తనకంటూ వేదాంత పట్టా లేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టా ఇచ్చి సన్మానించింది, అది వేరు సంగతి. అయినా చదువు అక్కరలేదని ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన స్వయముగా పుస్తకములు వ్రాశారు. క్రైస్తవుడు దేవునికి ఇచ్చుటను గూర్చి వ్రాసిన చిన్న గ్రంథము అనేక భాషలలోనికి వెళ్లింది. పట్టా లేని మనిషి చదువును అంతగా ప్రేమించుట, పట్టాలు పుచ్చుకొన్న మాబోటి వారు ఆలోచింపవలసిన విషయము.

భార్యలు కూడా విద్యార్థినులే

డోర్నకల్ గురుకులములో విశేషమైన ఏర్పాటు మరియొకటి. వివాహితుడైన విద్యార్థి ఒంటరిగా రాడు, భార్యతో, పిల్లలతో వస్తాడు. చిన్న చిన్న ఇళ్లలో కాపురము. ఎవరి వంట వారిదే. పురుషులు పాఠములు చదువుకొంటుండగా స్త్రీలకు అంబు అమ్మగారు, తోటి ఉపాధ్యాయినులు చదువు నేర్పేవారు. అక్షరము రాని ఇల్లాలు వాక్యము చదువగలిగేది, బిడ్డను శుభ్రముగా పెంచుట నేర్చుకొనేది, కీర్తన పాడించగలిగేది.

కారణము సుస్పష్టము. పల్లెలో స్త్రీల దగ్గరకు ఉపదేశి వెళ్లలేడు, ఉపదేశి భార్య వెళ్లగలదు. ఆమె ఇల్లే పల్లెకు మాదిరి. మురికి, రోగము, అప్పు, తాగుడు అనే నాలుగింటిని బిషప్పుగారు నాలుగు దయ్యములుగా ఎంచి పోరాడారు. ఆ నాలుగింటిలో దేనిని వెళ్లగొట్టాలన్నా ఇంటి ఇల్లాలి సహాయము లేనిదే సాధ్యము కాదు. మన సంఘములలో పాస్టరమ్మగారికి ఇంతటి స్థానము ఉన్నదంటే, దాని వేరు ఇటువంటి చోట్లనే ఉన్నది.

ఒకే పంక్తి, ఒకే పాత్ర

గురుకులములో కష్టమైన పాఠము పుస్తకములో లేదు, పంక్తిలో ఉన్నది. క్రీస్తులోనికి వచ్చినంత మాత్రాన కులము గడప బయట నిలబడిపోలేదు. మాలపల్లె వారికి, మాదిగపల్లె వారికి మధ్య తరతరాల ఎడము ఉండేది. ఒకరి ఇంట ఒకరు తినేవారు కారు. కులపువారు తమను ఎలా దూరము పెట్టారో, అలాగే వీరు ఒకరినొకరు దూరము పెట్టుకొన్నారు.

అజరయ్యగారు దీనిని చూచీ చూడనట్లు వదలలేదు. ప్రభువు బల్ల యొద్ద ఒకే పాత్రలో త్రాగిన వారు బయటికి వచ్చి విడివిడిగా కూర్చుంటే ఆ సంస్కారమునకు అర్థమేమిటి? ఒకే ఆవరణలో నివాసము, ఒకే గుడిలో ఉదయ సాయంకాల ఆరాధన, ఒకే బడి, పిల్లలు ఒకే ఆట. ఎడింబరోలో తెల్లవారిని ఏ స్నేహము అడిగారో, అదే స్నేహమును డోర్నకల్‌లో తన వారిని కూడా అడిగారు. పైవానిని అడిగినది తన క్రిందివానికి ఇవ్వనివాడు న్యాయము అడుగుటకు తగడని ఆయన బ్రదుకు చెప్పింది. ఈ పని ఆయన కాలములో పూర్తి అయినదని చెప్పలేము. మన కాలములోనూ పూర్తి కాలేదు.

ఈ దీనులు బుద్ధిపూర్వకముగా మతము మార్చుకొనగల స్థితిలో ఉన్నారా అనే ప్రశ్న 1930వ దశకములో గట్టిగా వచ్చింది. ఈ విషయములో మహాత్మా గాంధీగారికి, అజరయ్యగారికి అభిప్రాయ భేదము కలిగింది. దరిద్రునికి కూడా మనస్సాక్షి ఉన్నదని, తన దేవుని తాను ఎన్నుకొనే హక్కు ఉన్నదని బిషప్పుగారు నిలబడ్డారు. ఆ మాట అనగలుగుటకు ఆయనకు ధైర్యమిచ్చినది ఏమిటి? నిన్నటి పాలేరు నేడు గ్రంథము విప్పి, చదివి, అర్థము చెప్పుట ఆయన కన్నులారా చూచారు.

ఆరాధన – మన మట్టి వాసన

ఆరాధన విషయములో ఆయన ఆంగ్లికన్ ప్రార్థన క్రమమును ప్రేమించారు. కాని దానికి తెలుగు గొంతు కావాలన్నారు. తెలుగు కీర్తనలు, తాళములు, భజన, నేలమీద కూర్చుండుట, ఇవన్నీ గుడిలోనికి వచ్చాయి. డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ ఇందుకు సాక్ష్యము. హిందూ దేవాలయములను తలపించే స్తంభములు, ముస్లిము కట్టడములను తలపించే గుమ్మటములు, తామరపువ్వు చెక్కడములు, వీటన్నిటిమీద క్రీస్తు సిలువ. ఏండ్ల తరబడి నిర్మాణము సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

బాప్తిస్మములో ఆయన ఒక అలవాటు పెట్టారు. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలమీద ఉంచుకొని, సువార్త చెప్పకుంటే తమకు శ్రమ అని పౌలువలె ఒప్పుకొనేవారు. సాక్ష్యము గురువుగారి ఒక్కరి పని కాదు, తడిసిన ప్రతి తలది అని దాని భావము.

కానుకల సంగతి కూడా ఇటువంటిదే. బీదవారము, ఏమి ఇవ్వగలము అనే మాట ఆయన ఒప్పుకొనలేదు. వంటకు బియ్యము కొలిచేటప్పుడు గుప్పెడు తీసి దేవునికని వేరుగా వేయుట, కోతపండుగలో ధాన్యము, కోడి, గుమ్మడికాయ తెచ్చి బల్లముందు పెట్టుట, ఇవి సంఘములను తమ కాళ్లమీద నిలబెట్టాయి. రైసుమిల్లుల ఊరైన మన మండపేటలో గుప్పెడు బియ్యము లెక్కలోనిది కాదనిపించవచ్చును. గంజితో కడుపు నింపుకొనే ఇంట ఆ గుప్పెడు ఎంతటిదో తలచుకోవాలి. వీటివలననే పరదేశపు డబ్బు రాని రోజున కూడా ఉపదేశి పల్లెలో నిలువగలిగాడు.

ఐక్యత – రాజమండ్రి వరకు

1919లో తరంగంబాడిలో సంఘనాయకులు కూడి సంఘైక్యమునకు పిలుపునిచ్చారు. ఆ సభలో ముఖ్యులు అజరయ్యగారే. విడిపోయిన సంఘములు భారతదేశమునకు పాశ్చాత్య దేశముల నుండి వచ్చిన సరుకు, ఆ బరువు మన భుజాలమీద ఎందుకు అని ఆయన వేదన. పాతికేండ్లు దానికై కష్టపడ్డారు. 1929 నుండి జాతీయ క్రైస్తవ సమాజమునకు అధ్యక్షులుగా ఉన్నారు. కాని ఫలము చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయన మండలములోని క్రైస్తవులు రెండు లక్షలకు మించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. ఆయన మండలములోనిదే అయిన నంద్యాల ప్రాంతములో అనేకులు ఆనాడు అందులో చేరలేదు. బాప్తిస్టు, లూథరన్ సంఘములు కూడా వేరుగానే ఉన్నాయి.

అయితే సంఘములు కలవలేని చోట గురుకులములు కలిశాయి. 1964లో డోర్నకల్ ఆంధ్ర యూనియన్ వేదాంత కళాశాల, కాకినాడ, రామాయపట్నముల బాప్తిస్టు సెమినరీలు, రాజమండ్రి లూథరన్ వేదాంత కళాశాల ఒకటై ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడింది. అది మొదట నిలిచినది మన గోదావరి ఒడ్డుననే, రాజమండ్రి లూథర్‌గిరిలో. మండపేట నుండి ద్వారపూడి మీదుగా వెళ్లే దారిలో ఎంత దూరము గనుక! 1973లో అది హైదరాబాదుకు మారింది. ముంచి బాప్తిస్మమిచ్చే వారు, చిలకరించే వారు, బిషప్పు ఉన్నవారు, లేనివారు ఒకే తరగతిలో చదివి, ఒకే గుడిలో ప్రార్థించి, ఒకే భోజనశాలలో తిన్నారు. అజరయ్యగారు పోయిన పందొమ్మిదేండ్లకు ఆయన గురుకులము ఇంకొక పెద్ద పంక్తిలో కూర్చున్నది.

మన ముందున్న పని

వేదాంత కళాశాల అంటే పాస్టరు ఉద్యోగమునకు పట్టా ఇచ్చే చోటు అని మనలో చాలామంది అనుకొంటున్నాము. ఒక యువకుని దీవించి పంపి, మూడు నాలుగేండ్ల తరువాత పట్టాతో వచ్చాడా లేదా అని చూస్తున్నాము. ఈ మధ్యకాలములో వాడు ఎవరితో కలిసి తిన్నాడో, ఎవరితో కలిసి మోకరించాడో, తనకు నచ్చని వానితో ఎలా సర్దుకొన్నాడో మనము అడుగము. అజరయ్యగారి లెక్కలో అసలు పరీక్ష అదే. తరగతిలో మొదటి వాడై, పంక్తిలో విడిగా కూర్చున్నవాడు సంఘమును చీలుస్తాడు గాని కట్టలేడు.

కాబట్టి మూడు సంగతులు మనవి చేస్తున్నాను. మన సంఘములనుండి వేదాంత విద్యకు వెళ్లిన బిడ్డలను పేరుపేరున ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందము, వారి ఖర్చులో మన గుప్పెడు కలుపుదము. వారి భార్యలకు కూడా చదువు, శిక్షణ దొరికేటట్లు అడుగుదము. చివరిది అన్నిటికంటె కష్టము. గురుకులములో నేర్చుకొని వచ్చిన సహపంక్తిని మన సంఘములోనే మొదట అమలు చేద్దము. ప్రభువు బల్ల యొద్ద ప్రక్కనున్న వానిని మన ఇంటి భోజనమునకు పిలువగలమా? పెండ్లి సంబంధములప్పుడు, సంఘ ఎన్నికలప్పుడు మన పాత పేటలను మరచిపోగలమా? ఈ ప్రశ్నలకు మనమిచ్చే జవాబును బట్టే బిషప్పుగారిని మనము నిజముగా గౌరవించామో లేదో తెలుస్తుంది.

స్నేహమును అడిగి, స్నేహమును ఇచ్చి వెళ్లిన ఆ దైవజనుని కొరకు ప్రభువునకు స్తోత్రము. ఆయన వేసిన పునాదిమీద కట్టే కృప దేవుడు మనకును, మన బిడ్డలకును అనుగ్రహించునుగాక. ఆమేన్.